అక్క ఇమేజ్

ఆ పిల్ల చేసిన సర్వర్ పదకొండు సెకన్లలో లేచింది. నాది లేవడానికి నాలుగు నిమిషాలు పట్టేది. మీటింగ్ రూంలో తెర మీద రెండూ పక్కపక్కనే పెట్టి చూపించారు. ఆమెది లేచి పని మొదలుపెట్టి, ఇంకేం చేయమంటారన్నట్టు కూర్చుంది. నాది ఇంకా ఒక్కో లైను నములుతూనే ఉంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, అందరికంటే గట్టిగా.

ఇమేజ్ అంటే తెలియనివాళ్లకు చెప్తాను. క్లౌడ్‌లో కొత్త మెషిన్ కావాలంటే ప్రతిసారీ మొదటినుంచీ కట్టుకోం. ఒక అచ్చు తయారుచేసి పెట్టుకుంటాం, కావలసినన్ని మెషిన్లు అందులోంచి తీస్తాం. హైటెక్ సిటీలో మా ఆఫీసులో ఆ అచ్చు ఎనిమిదేళ్లుగా నాదే. నన్ను అక్కా అని పిలుస్తారు కాబట్టి దాన్ని అందరూ అక్క ఇమేజ్ అనేవాళ్లు. ఎప్పుడు ఏ ఇబ్బంది వచ్చినా, దాన్ని సరిచేయడానికి వాడిన సాధనాన్ని తీసేయకుండా ఇమేజ్‌లోనే ఉంచేసేదాన్ని. ఎందుకైనా మంచిది అనుకుంటూ. ఫైళ్లు దిద్దుకునే ఎడిటర్లు మూడు, ఎవరూ చదవని మాన్యువళ్లు, ఎప్పుడో పోయిన ప్రింటర్ తాలూకు డ్రైవర్ కూడా ఉండేది అందులో.

ఆ పిల్లది సిద్దిపేట వైపు. మా టీంలో చేరి ఏడాది. ఆమె తెచ్చింది మినిమల్ లినక్స్. ప్రోగ్రాం నడవడానికి ఏది లేకపోతే కుదరదో అదొక్కటే ఉంటుంది, మిగతాదంతా తీసేసి ఉంటుంది. మనిషీ అంతే. గోపన్‌పల్లి నుంచి మెడలో ఐడీ కార్డు, జేబులో ఫోనుతో వస్తుంది, అంతే. నేను మణికొండ నుంచి వచ్చేటప్పుడు నా బ్యాగులో గొడుగు, రెండు చార్జర్లు, పిన్నీసులు, తలనొప్పి మాత్రలు, ఎప్పుడో పెట్టిన సోంపు పొట్లం ఉంటాయి. ఆమె ఊపుకుంటూ నడిచే ఆ ఖాళీ చేతుల్ని చూసినా నాకు ఒళ్లు మండేది. మంచి పిల్ల కాదా అంటే, కాదనడానికి లేదు. ఇంట్లో సర్వపిండి చేస్తే నాకని విడిగా డబ్బాలో తెచ్చేది. అది తింటూ కూడా నేను మనసులో కుళ్లుకునేదాన్ని.

చప్పట్లు అయ్యాక మా మేనేజర్ గారు నా వైపు తిరిగారు. ఆయనది గుంటూరు, ఎవరినైనా అండీ అనే అంటారు. "ఎంత తేలిగ్గా ఉందో చూశారా అండీ. ఇన్నాళ్లూ మనం ఏం మోశామంటారు?" అన్నారు. మనం అన్నారు గానీ మోసింది నేను. నవ్వాను. తల కొట్టేసినట్టయింది.

మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్లాక, ఆమె మెషిన్‌లోకి నేనొక్కదాన్నే వెళ్లి చూశాను. తప్పు దొరుకుతుందేమోనని. ఎడిటర్ పిలిచాను, లేదంది. మాన్యువల్ అడిగాను, లేదంది. పక్క మెషిన్ పలుకుతుందో లేదో చూద్దామన్నా దానికి కావలసిన కమాండ్ లేదు. లోపలికి వెళ్లగానే పైన ఒక నోటీసు కనిపిస్తుంది. మనుషులు లాగిన్ అవ్వని సిస్టంలకు అవసరం లేనివన్నీ ఇందులోంచి తీసేశాం అని దాని అర్థం. దాన్ని రెండుసార్లు చదివాను. ఇరవై ఏళ్లుగా నా ఉద్యోగమే లాగిన్ అవ్వడం. అక్కడ నా అవసరం లేదని అంత మర్యాదగా ఎవరూ చెప్పలేదు నాకు.

అసలు సంగతి వేరే ఉంది. ఆ నెలలో కొత్త టీం ఒకటి పెడుతున్నారు, దానికి లీడ్ ఎవరో తేల్చాలి. ఆ కుర్చీ కోసం నేను మూడేళ్లుగా చూస్తున్నాను. మేము రక్తపరీక్షల ల్యాబ్‌లకు సాఫ్ట్‌వేర్ చేస్తాం. పరీక్షకు ముందు రోజు సాయంత్రం పేషెంట్లకు మెసేజ్‌లు పంపేది మా ప్రోగ్రామే. సోమవారం ఆ పనిని ఆమె ఇమేజ్ మీదికి మార్చి, అది సాఫీగా నడిస్తే నా ఇమేజ్ తీసేయాలని నిర్ణయించారు. అది నడిస్తే కుర్చీ ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు.

గురువారం ఆమె నా డెస్క్ దగ్గరికి కుర్చీ లాక్కుని వచ్చింది. "అక్కా, జర ఇది చూస్తవా? నాకైతే టెస్ట్ మంచిగనే వచ్చింది. ఏమన్న మర్శిపోయిన్నేమో అని భయమైతుంది," అంది.

చూశాను. రేపు పొద్దున పరగడుపున ల్యాబ్‌కు రండి అనే మెసేజ్‌ను తన ఫోనుకే పంపుకుంది. వచ్చింది కూడా. కానీ ఆ తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసింది, మనందరం వాట్సాప్‌లో కొట్టుకునేటట్టు. ల్యాబ్‌ల నుంచి వచ్చేది తెలుగు లిపి. ఆ తేడా కనిపించగానే నా వేళ్లు వాటంతట అవే భాష సెట్టింగు వెతికాయి. లేదు. మినిమల్‌లో అది ఉండదు, మనమే పెట్టుకోవాలి. అది లేకపోతే మా ప్రోగ్రాంకు తెలుగు అక్షరం అంతుబట్టదు, ఒక్కో అక్షరానికి ఒక్కో ప్రశ్నార్థకం పెట్టేస్తుంది. మొదటి ల్యాబ్ తెలుగు అడిగినప్పుడు మూడు రోజులు జుట్టు పీక్కుని కనిపెట్టాను ఆ సంగతి. అక్క ఇమేజ్‌లో దానికి ఒకే ఒక్క లైను ఉంది.

ఆమె నా ముఖంలోకి చూస్తోంది. నేను మౌస్ పైకీ కిందికీ కదిపాను, ఇంకా చదువుతున్నట్టు. తర్వాత మా ప్రొద్దుటూరు పద్ధతిలో, ప్రేమగానే అన్నాను. "అంతా బాగుంది పాపా, పెట్టేయ్."

శని, ఆదివారాలు హాయిగా ఉన్నాను. దాచడమెందుకు, నిజంగానే హాయిగా ఉన్నాను. ఇంట్లో పాటలు పెట్టుకుని అలమర సర్దాను. నేనేం చెడగొట్టలేదు కదా, ఊరుకున్నాను, అంతే అనుకున్నాను. పాడయ్యేది ఏముంది, నాలుగు మెసేజ్‌లు, అవి కూడా ఎవరో ఒకరు ఫోన్ చేసి చెప్తారులే అనుకున్నాను. ఆమె ముఖం వాడిపోవడం, మేనేజర్ గారు నన్ను పిలవడం కళ్లముందు ఆడించుకుని చూసుకున్నాను.

మంగళవారం పొద్దున తొమ్మిదిన్నరకు కొండాపూర్ ల్యాబ్ నుంచి ఫోన్. మెసేజ్ నిండా ప్రశ్నార్థకాలే ఉన్నాయట. చాలామంది టిఫిన్ చేసి వచ్చారట, వాళ్లను తిప్పి పంపుతున్నారట. అందులో ఒక పెద్దాయన మోకాలి ఆపరేషన్ కోసం పరీక్షలకు వచ్చాడు. ఇడ్లీ తిన్నానని ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. ఆ రోజు రిపోర్టులు అందకపోతే డాక్టరుకు ఇంకో పది రోజుల దాకా కుదరదట. ఆయన ల్యాబ్ మెట్ల మీద కూర్చుని ఎవరికో ఫోన్ చేస్తున్నాడని చెప్పింది ల్యాబ్ అమ్మాయి. నేను ఊహించుకున్న దాంట్లో ఈయన లేడు.

ఆ పిల్ల తెర మీద ఏవేవో తెరుస్తోంది, మూస్తోంది. నేను లేచి వెళ్లి ఆమె భుజం మీద చెయ్యి వేసి జరగమన్నాను. భాష ప్యాకేజీ పెట్టాను, ఒక లైను రాశాను, ప్రోగ్రాం మళ్లీ లేపాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. అక్క లేకపోతే ఏమయ్యేది అన్నారు ఎవరో వెనకనుంచి. ఏడాదిగా నేను వినాలనుకున్న మాట. రుచిగానే ఉంది, కాసేపు.

పదకొండుకు ఆమె టీ పట్టుకుని బాల్కనీలోకి వచ్చింది. "ఇంత జల్ది ఎట్ల దొరికింది అక్కా?" అంది. అనుభవం అని ఉంటే సరిపోయేది. నమ్మేది కూడా. కానీ ఆ మెట్లు కళ్లముందు నుంచి పోవడం లేదు.

"గురువారమే చూసినా," అన్నాను.

ఆమె నా వైపు తిరిగింది. "మరి బాగుంది పెట్టేయ్ అంటివి గద."

"అంటిని."

ఆమె టీ అట్లాగే రెయిలింగ్ మీద పెట్టి లోపలికి వెళ్లింది. వెళ్లి ల్యాబ్‌కు ఫోన్ చేసి, ఆ పెద్దాయన నంబరు అడిగి తీసుకుని, తనే మాట్లాడింది. తప్పు మాదేనని, మన్నించమని చెప్పింది. తర్వాత ఆ డాక్టరు ఆస్పత్రికీ ఫోన్ చేసి, వాళ్లనూ బతిమాలి, సాయంత్రానికల్లా ఆయనకు నాలుగు రోజుల్లో ఆపరేషన్ తేదీ ఇప్పించింది. నాకు ఆ ఆలోచనే రాలేదు.

మూడింటికి మీటింగ్. ఏదైనా మార్చేముందు ఇంకొకరికి చూపించాలని మన రూలు కదండీ, ఎవరికి చూపించారు అని అడిగారు మేనేజర్ గారు. నేను బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాను. చెప్తుందని తెలుసు. చెప్తే ఏమనాలో కూడా సిద్ధం చేసుకున్నాను, సరిగ్గా చూడలేదని.

"ఎవర్కి చూపియ్యలే సార్. నాకే తొందరైంది. ఇంగ్లీషు అక్షరాల్ల టెస్ట్ చేసిన, నా తప్పే," అంది. నా వైపు చూడను కూడా చూడలేదు.

ఆయన ఆమెను గట్టిగానే మందలించారు. నేను నోరు తెరవాల్సిన చోటు అదే. తెరవలేదు. లీడ్ కుర్చీ ఆ నెలాఖరుకు నాకే ఇచ్చారు.

ఇప్పుడు ఆమె నా టీంలోనే ఉంది. చెప్పిన పని చెప్పినట్టు చేస్తుంది. నన్ను మేడం అంటుంది. ఆమె చోట నేనుంటే, ఆ గది తలుపు మూయకముందే గురువారం సంగతి అందరి ముందూ పెట్టేసేదాన్ని. ఇన్నాళ్లూ ఆమె తెలివిని చూసి ఏడ్చాను. కుర్చీ నా దగ్గరికి వచ్చాక, ఆమె మంచితనాన్ని చూసి ఏడుస్తున్నాను.