సూళ్లూరుపేట నుంచి వచ్చిన జవాబులు

ఏర్పేడు హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరై, తిరుపతిలో ఉంటున్న సారంగపాణి మాస్టారికి డిసెంబరు ఇరవై ఒకటి పెద్ద పండగ. ఏడాదిలో అన్నిటికంటే చిన్న పగలు అది. మధ్యాహ్నం పన్నెండూ పదికి మేడమీద మీటరు పొడవు ఇనుప చువ్వ నిలబెట్టి నీడ కొలుస్తారు. డెబ్బై ఆరు సెంటీమీటర్లు వస్తుంది. "సూర్యుడు మళ్లినాడు. అసలు ఉత్తరాయణం ఈ పొద్దే," అంటారు. గుడిలో కైంకర్యం చేసే ఆయన అన్నదమ్ములు, "సంక్రాంతి దాకా ఆగలేవా?" అని నవ్వుతారు.

ఆ రోజుకు అందేలా పదకొండు మంది పాత శిష్యులకు పోస్టుకార్డులు రాస్తారు. వాళ్లు తమ ఊళ్లో నీడ కొలిచి, క్రిస్మస్సుకో కొత్త సంవత్సరానికో శుభాకాంక్షలు చేర్చి జవాబివ్వాలి. అందరికంటే ముందు వచ్చేది సూళ్లూరుపేట ఫ్యాక్టరీలో పనిచేసే మునిశేఖర్ జవాబు. ఒకప్పుడు అతని రాత కోడి గెలికినట్టు ఉండేది. ఆరేళ్లనాడు ఉన్నట్టుండి గుండ్రంగా మారితే, ఉద్యోగం మనిషిని దిద్దిందనుకుని, "దస్తూరీ బాగుపడిందిరా," అని మాస్టారు మెచ్చుకుంటూ రాశారు కూడా.

రెండువేల ఇరవై నాలుగులో అతనికి కార్డు వేయకుండా, తామే వెళ్లి శిష్యుడితో కలిసి నీడ కొలుద్దామని ఆ రోజు పొద్దున్నే బస్సెక్కారు.

పదిన్నరకు తలుపు తట్టారు. వాకిట్లో కాగితపు నక్షత్రం వేలాడుతోంది. తలుపు తీసిన ఆమె మునిశేఖర్ భార్య జెస్సీ. పెళ్లిలో చూసిన ముఖమే. మాస్టారిని చూడగానే ఆమె చేతిలోని చేట జారి బియ్యం నేలపాలయ్యాయి.

"ఏమ్మా, మా వాడు డ్యూటీకి పోయినాడా?"

ఆమె గుమ్మం పట్టుకుంది. "లోపలికి రాండి సార్. కూర్చోండి. చెప్తాను."

"చెప్పమ్మా, యాడుండాడు?"

"ఆయన లేడు సార్. డెంగీ వచ్చి పోయినాడు. ఆరేండ్లయింది."

మాస్టారికి ఆ మాట అర్థం కాలేదు. చేతిసంచిలోంచి పోయినేడు వచ్చిన కార్డు తీసి చూపించారు. "ఇది పోయిన డిసెంబరులో రాసినాడే!"

"నేనే రాసినాను సార్. ఆరేండ్లుగా నేనే."

"నీడ ఎవరు కొలిచినారు?"

"నేనే. ఆయన చువ్వతోనే."

"చచ్చిపోయినోడి పేరుతో నాకు జవాబులు రాస్తావా? వాడికి నేను జోకులు రాసినాను, తిట్లు రాసినాను! చూడ్డానికి రాలేదని కోప్పడినాను!"

జెస్సీ కళ్లెత్తలేదు. "ఆయన పోయిన పదో దినం మీ కార్డు వచ్చినాది సార్. 'ఈ రోజుతో రాత్రి పెరగడం ఆగిపోతుంది, ధైర్యంగా ఉండు' అని రాసింటిరి. నాకే రాసినట్టు అనిపించినాది. చెప్తే మీరు రాయడం మానేస్తారని భయపడినాను. తప్పే సార్."

ఆమె ఇచ్చిన మంచినీళ్లు కూడా ముట్టకుండా మాస్టారు లేచి వచ్చేశారు.

తిరుగు బస్సులో, నాయుడుపేట దాటాక, ఆయనకు ఒక ఉత్తరం గుర్తొచ్చింది. రెండేళ్ల క్రితం భార్య వకుళాదేవి పోయినప్పుడు ఎందరో ఓదార్చారు. మునిశేఖర్ పేరుతో వచ్చిన ఉత్తరం ఒక్కటే పనికొచ్చింది. 'మంచంమీద అమ్మగారు పడుకునే వైపు మీరు పడుకోండి సార్. ఖాళీ వైపు చూడకుండా నిద్ర పడుతుంది' అని ఉంది అందులో. పెళ్లాం పిల్లలతో హాయిగా ఉన్నవాడికి ఈ సంగతి ఎలా తెలుసని అప్పుడు తనకు తోచనే లేదు. పక్క సీటాయన, "ఒంట్లో బాగలేదా అప్పా?" అని అడిగేదాకా తన బుగ్గలు తడిశాయని ఆయనకు తెలియలేదు.

మర్నాడు మిగతా పదిమంది ఫోన్ నంబర్లు సంపాదించి, వరసగా ఫోన్ చేశారు. "నువ్వు బతికే ఉండావా?" అన్నదే మొదటి మాట. అందరూ ఉన్నారు. చిత్తూరు బాలచంద్ర మాత్రం నీళ్లు నమిలి, "నేనుండాను సార్. కార్డులు మాత్రం మా ఆవిడ రాస్తాది. నీడ కొలిచి నాలుగేండ్లయింది," అన్నాడు. మాస్టారికి అతన్ని తిట్టే ఓపిక లేకపోయింది.

ఏడాదంతా సూళ్లూరుపేటకు ఆయన ఒక్క అక్షరం రాయలేదు. మళ్లీ డిసెంబరు వచ్చింది. పది కార్డులు పూర్తిచేసి, పదకొండోది ముందు పెట్టుకున్నారు. చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి అని మొదలుపెట్టబోయి కలం ఆపేశారు. చాలాసేపటికి, 'అమ్మా జెస్సీ, నిరుడు నీళ్లు తాగకుండా వచ్చేశాను. క్షమించు. ఉత్తరాయణ శుభాకాంక్షలు' అని రాశారు.

క్రిస్మస్ దాటిన మూడో రోజున జవాబు వచ్చింది. 'ఈసారి మబ్బు పట్టింది సార్. నీడ పడలేదు. మీకు నూతన సంవత్సర శుభాకాంక్షలు. జెస్సీ.'

ఆ సంతకం దగ్గర మాస్టారి చూపు ఆగిపోయింది. మునిశేఖర్ పోయాడని అప్పటిదాకా ఆయన మనసు ఒప్పుకోలేదు. కార్డు చేతిలో పట్టుకుని, పోస్టుమ్యాన్ వెళ్లిపోయాక కూడా, అరుగుమీదే కూర్చుండిపోయారు.