కోత పండుగ నాడు ఆగిన పాట

మా చిన్నప్పుడు... కోత పండుగకు పరకాల దగ్గర అమ్మమ్మ వాళ్ల ఊరు వెళ్లేవాళ్లం. చర్చికి పోయే ఇళ్లలో పెరిగినవాళ్లకు ఆ సందడి తెలుసు... పొలంలో పండినవీ, పెరట్లో కాసినవీ గుడికి, అంటే చర్చికే, తెచ్చి ముందర పెడతారు. వరి కంకులు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టేసిన కోళ్లు... ఆరాధన అయ్యాక వాటికి వేలం పాట. పాస్టరు అయ్యగారు కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుంటే ఏదో ఒక కోడి గోల చేసేది. పిల్లలం అమ్మల కొంగుల్లో మొహాలు దాచుకుని నవ్వేవాళ్లం.

ఆ ఏడు నేనూ, మా తమ్ముడు చంటీ స్పెషల్ సాంగ్ పాడాలి. వరంగల్ నుంచి వచ్చిన పిల్లలం కదా, మాకు ఇచ్చారు. నేను కొత్త గౌను, వాడు ఇన్‌షర్ట్... నెల రోజులుగా ఇంట్లో ఒకటే సాధన.

ఇంట్లో చిన్న కీబోర్డు ఉండేది, దాని శ్రుతికే పాడేవాళ్లం. ఆ ఊరి గుడిలో డోలక్ ఒక్కటే. మైకు ముందు నిలబడగానే చంటి భయపడిపోయి, రోజూ పాడేదానికంటే బాగా పైన ఎత్తుకున్నాడు. పల్లవి ఎలాగో గట్టెక్కింది. చరణానికొచ్చేసరికి నా గొంతు పైకి పోలేదు... గాలి తప్ప ఏమీ రాలేదు. నన్ను చూసి వాడూ ఆగిపోయాడు.

గుడి నిండా జనం... చప్పుడు లేదు. అప్పుడు ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చున్న మా పెద్దమ్మ, లేవకుండానే పల్లవి అందుకుంది. బొంగురు గొంతు, బాగా కింది శ్రుతి. ఆమె వెనకే ఆడవాళ్లందరూ... తర్వాత మగవాళ్లూ. మా పాటను గుడంతా కలిసి చివరిదాకా పాడింది. మేమిద్దరం మైకు ముందు నోళ్లు మూసుకుని నిలబడ్డాం.

ఆ సిగ్గు ఇంకా ఒంట్లోనే ఉంది. ఇది రాస్తుంటే కూడా చెవులు వేడెక్కుతున్నాయి.

భోజనాల దగ్గర ఊరి పిల్లలు వదల్లేదు. "మైకేమో మీది, పాటేమో మాది" అని ఒకటే ఏడిపించారు. నేను విస్తరి ముందు నుంచి లేచిపోతే పెద్దమ్మ వెంట వచ్చింది.

"గట్ల ఏడుస్తరా బిడ్డా... పాట నడిమిట్ల ఆగొద్దని అందుకున్నం. మీ పాటను గుంజుకున్నమా ఏంది?"

గుంజుకున్నారనే అనుకున్నాను. తిరుగు బస్సులో చంటి నా చెవిలో చెప్పాడు... "ఇగ మన పాటల ఎవ్వల్నీ కలవనియ్యద్దక్కా." నేను సరేనన్నాను.

పెద్దయ్యాక కూడా ఆ మాట మీదే ఉన్నాం. హనుమకొండలో అద్దె గది తీసుకుని, గోడలకు పాత దుప్పట్లు కొట్టి, మా పాటలు మేమే రాసుకుని, వాయించుకుని, పాడుకుని నెట్‌లో పెట్టాం. కోరస్ కావాలన్నా మా ఇద్దరి గొంతులే మళ్లీ మళ్లీ. రెండు ఆల్బమ్‌లు అలాగే వచ్చాయి. "ఇద్దరే ఇంత చేశారా" అని అందరూ మెచ్చుకునేవారు. పక్కన ఇంకెవరైనా ఉంటే నా గొంతు ఎక్కడ ఆగుతుందో తెలిసిపోతుందన్నది నా భయం... అది ఎవరికి చెప్పుకోను?

మూడో ఆల్బమ్ దగ్గర చంటి మాట తప్పాడు. "అక్కా, ఈసారి ఇంకొందర్ని పిలుద్దాం. మన గొంతులే విని విని నాకే విసుగొస్తాంది" అన్నాడు. వారం రోజులు వాడితో సరిగా మాట్లాడలేదు. అయినా పిలిచాడు... ఒక తబలా అతను, ఒక గిటారు అబ్బాయి, కాలేజీలో చదివే రాణి అనే అమ్మాయి.

మొదటి రోజే, అందరి ముందూ, చరణం పై స్వరాల దగ్గర నా గొంతు ఆగింది. రాణి పక్కనే నిలబడి ఉంది. నా వైపు చూడను కూడా చూడలేదు... అందుకుంది, అంతే. ఎంత హాయిగా పాడిందో! నేను నీళ్లు తాగే సాకుతో బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. ఇంత వయసొచ్చాక కూడా అదే ఏడుపు. చంటి నా వెంట రాలేదు, మంచిపనే చేశాడు. లోపల ఆ పిల్ల చరణం పూర్తి చేసి, పల్లవి దగ్గర ఆగింది. కాసేపటికి తలుపు తీసి, "అక్కా, పల్లవి మీదే కదా... నేను పాడితే మంచిగుండది, లోపలికి రాండ్రి" అంది.

వెళ్లాను. పల్లవి నాది, చరణం రాణిది... అలాగే రికార్డు చేశాం. పాట బాగా వచ్చింది. నాకు సిగ్గు మాత్రం పోలేదు.

పోయిన వారం ఆల్బమ్ పెట్టాం, ఎప్పటిలాగే మా ఇద్దరి పేర్లతోనే. కింద మొదటి కామెంటే... "అక్కా, ఆ చరణంలో మీ గొంతు అద్భుతం." థాంక్స్ అని టైపు చేశాను. పంపకుండా చెరిపేశాను.

అప్పట్లో ఎవరి గొంతు ఆగిందో, ఎవరు అందుకున్నారో గుడంతా చూసేది. దాచడానికి వీలే ఉండేది కాదు... అందుకే అంత సిగ్గుపడ్డాను. ఇప్పుడు గదిలో తలుపులు మూసి పాడుకుంటున్నాం, మనం చెబితే తప్ప ఎవరికీ తెలియదు... ఈ సిగ్గు దానికంటే బరువుగా ఉంది.

ఆ చరణం పాడింది నేను కాదు, రాణి.

మీరు మధ్యలో ఆగిపోయినప్పుడు అందుకున్నవాళ్లెవరు? వాళ్ల పేరు కింద రాయండి...