పళ్లెంలో మిగిలిన రొట్టె

మొన్న ఆదివారం మా అమ్మాయి తాము వెళ్లే చర్చికి నన్నూ వెంటబెట్టుకుని వెళ్లింది. తుర్కయంజాల్ దాటాక సాగర్ రోడ్డు పక్కన పెద్ద హాలు, మెత్తని కుర్చీలు, చలువ యంత్రాలు. ప్రభువు బల్ల, అంటే యేసు జ్ఞాపకంగా రొట్టె, ద్రాక్షరసం పంచుకునే సమయం వచ్చేసరికి నేను అలవాటు కొద్దీ తల వంచుకుని పళ్లెం కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే, ఒక పిల్ల వచ్చి నా చేతిలో బొటనవేలంత ప్లాస్టిక్ కప్పు పెట్టి వెళ్లింది. అడుగున ద్రాక్షరసం, దాని మీద బిళ్లంత రొట్టె, పైన అతికించిన రేకు. కరోనా రోజుల్లో మొదలైన పద్ధతట, సౌకర్యంగా ఉందని అలాగే ఉంచేశారట. నా గోళ్లకు ఆ రేకు ఊడి రాలేదు. అటు అమ్మాయి వంకా ఇటు పక్కవాళ్ల వంకా చూశాను గానీ, అందరూ కళ్లు మూసుకుని ఎవరి కప్పు వాళ్లు విప్పుకునే పనిలో ఉన్నారు. అక్కడే, ఆ చల్లటి హాల్లో, నాకు మా అన్నా మా బావగారూ గుర్తొచ్చి కళ్లలో నీళ్లు తిరిగాయి.

నేను పాస్టరుగా ఉన్నది దిల్‌సుఖ్‌నగర్‌కూ ఎల్బీనగర్‌కూ మధ్య ఒక కాలనీ సంఘంలో. మొదట రేకుల షెడ్డు, తరవాత శ్లాబు. పక్కింటి కుక్కర్ కూత వినబడకుండా ప్రసంగం ముగించిన ఆదివారం లేదు. మా విశ్వాసుల్లో సగం మంది నల్లగొండ పల్లెల నుంచి బతుకుదెరువుకు వచ్చిన మేస్త్రీలు, డ్రైవర్లు, మలక్‌పేట వైపు దవాఖానల్లో పనిచేసే నర్సమ్మలు. తక్కిన సగం గుంటూరు, కృష్ణా జిల్లాల నుంచి వచ్చి దుకాణాలు, ఉద్యోగాలు చూసుకుంటున్నవాళ్లు. నేను నల్లగొండ వాణ్ణి, మా ఆవిడ తెనాలి దగ్గరి పిల్ల. అంటే ఆ సంఘంలో గీసిన గీత ఏదైనా ముందు మా వంటింట్లోంచే పోవాలి.

సంఘపెద్దలు ఇద్దరూ మా వాళ్లే. ఒకరు మా సొంత అన్న, బస్సు డ్రైవరు. రెండోవారు మా బావగారు, అంటే మా ఆవిడకు అన్న, ఎల్బీనగర్‌లో సిమెంటు దుకాణం. శ్లాబుకు సిమెంటు ఆయన దించితే, సెలవు పెట్టి మరీ ఇసుక తట్టలు మోసింది మా అన్న. వరసకు ఒకరికొకరు బావలు కాబట్టి, ఆ ఇద్దరి వేళాకోళానికి హద్దు ఉండేది కాదు. మా సంఘంలో బల్లకు రొట్టె బజారు నుంచి రాదు, వారానికొక ఇంట్లో ఆడవాళ్లు పులియని పిండితో చేసి పంపేవారు. మా వదిన చేసేది జొన్నరొట్టె తట్టినట్టు మందంగా ఉండేది, బావగారి ఇంటి రొట్టె అప్పడంలా పలుచన. మా వదిన రొట్టె తినబోయే ముందు పళ్ల కోసం ప్రత్యేక ప్రార్థన పెట్టాలని బావగారు అంటే, మా అన్న ఊరుకునేవాడా? "మీ రొట్టె గాలికి ఎగిరిపోతది బావా, జర మీద బైబిలు పెట్టుర్రి" అనేవాడు. సంఘమంతా నవ్వేది, ఆ నవ్వు ముఖాలతోనే లోపలికి వచ్చి కూర్చునేది.

మా దగ్గర ఇంకో ఆచారం ఉండేది. మొదటి చాప మీద ఆ చివర ఒక పెద్ద, ఈ చివర ఒక పెద్ద కూర్చునేవారు. పళ్లెం ఒక చివర మొదలై అందరి చేతులూ తిరిగి రెండో చివరికి చేరేది, ఎవరికి వారు చిన్న ముక్క తుంచుకునేవారు. తోటి విశ్వాసి మీద మనసులో ఏదైనా ఉన్నవాడు, తన మీద ఎదుటివాడికి ఏదైనా ఉందని తెలిసినవాడు రొట్టె ముట్టకుండా పళ్లెం పక్కవారికి అందించెయ్యాలి. ఆ వారంలో నేను ఇద్దరినీ ఒక ఇంట కూర్చోబెట్టి చాయ్ తాగించేవాణ్ణి, వచ్చే ఆదివారానికి ఇద్దరూ తుంచుకునేవారు. మావాళ్లలో మగవాళ్లు నోటితో క్షమించమని అడగడం ఎక్కడిది? ఆ మాట పళ్లెమే అనేది. మిగిలిన రొట్టె పారెయ్యకూడదు, పాస్టరూ పాస్టరమ్మా తినాలి. మామూలుగా మాకు మిగిలేది పిసరంతే. సంఘం ఎలా ఉందో నాకు ఎవరి సాక్ష్యాలూ చెప్పనక్కర్లేదు, ఆ మిగిలిన ముక్కను చూస్తే తెలిసిపోయేది.

ఉద్యమం ముదిరిన రోజులు వచ్చాయి. ప్రార్థనలో ఒకాయన లేచి మా రాష్ట్రం మాకు దయచెయ్యి తండ్రీ అనేవాడు, ఆయన కూర్చోగానే ఇంకొకాయన లేచి ఈ రాష్ట్రాన్ని విడదీయనియ్యకు ప్రభువా అనేవాడు. ఒకే దేవుడికి రెండు అర్జీలు, రెండింటికీ ఆమెన్‌లు, రెండోది మొదటిదానికంటే గట్టిగా! నేను మధ్యలో నిలబడి ఏ ఆమెన్ అనాలో తెలియక దగ్గేవాణ్ణి. ప్రార్థనలో రాష్ట్రం ఊసు ఎత్తవద్దని చివరికి నేనే అన్నాను. అప్పటినుంచి ప్రార్థనలే పొట్టివైపోయాయి.

బస్సులు నిలిచిపోయిన సమ్మె కాలంలో ఒకరోజు ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు పెట్టారు. నడిరోడ్డు మీద పొయ్యిలు, గుండిగలు, విస్తళ్లు. జీతం లేక వారాలు గడుస్తున్న మా అన్న అక్కడ గరిటె పట్టుకుని వడ్డిస్తున్నాడు. అంతలో ఎవరో కుర్రవాళ్ల గుంపు వచ్చి దుకాణాలు మూయిస్తూ బావగారి అద్దాల తలుపు మీద రాయి వేసింది. బావగారు బయటికి వచ్చి చూస్తే, రోడ్డుకు అవతల గరిటె పట్టుకుని నిలబడి చూస్తున్న మా అన్న కనబడ్డాడు. బావగారు షట్టరు దించుకుని లోపల కూర్చున్నారు. కాసేపటికి ఎవరో షట్టరు మీద దబదబా బాదారు. గుంపు మళ్లీ వచ్చిందనుకుని తెరవలేదు. ఆ బాదినది మా అన్న. గరిటె అక్కడే పడేసి, జనాన్ని తోసుకుంటూ పరుగెత్తి వచ్చాడు. ఆ గోలలో ఆయన కేకలు లోపలికి చేరలేదు.

ఆ ఆదివారం బావగారు రొట్టె ముట్టకుండా పళ్లెం అందించేశారు.

నేను వెళ్లి జరిగింది చెప్పాను. ఆయన పై కండువాతో కళ్లు తుడుచుకున్నారు. కోపం ఆ రోజే పోయింది, నేను నా కళ్లతో చూశాను. ఇద్దరినీ మా ఇంటికి పిలిచాను. చాయ్ తాగారు, పిల్లల చదువులు, సిమెంటు ధర, అన్నీ మాట్లాడుకున్నారు. అసలు మాట మాత్రం ఇద్దరూ ఎత్తలేదు. హమ్మయ్య, ఇక పళ్లెం చూసుకుంటుందని నేను అనుకున్నాను. కానీ ఆదివారం పళ్లెం ముందుగా మా అన్న దగ్గరికి వెళితే ఆయన ముట్టలేదు. అది చూసి, ఆ చివర బావగారూ ముట్టలేదు. మరుసటి వారం బావగారి వైపు నుంచి మొదలుపెట్టాను. ఆయన ముట్టలేదు కాబట్టి మా అన్న ముట్టలేదు.

అడిగితే మా అన్న అన్నాడు కదా, "ఆయన మనసుల నా మీద ఏదో ఉంది తమ్మీ. అసుంటప్పుడు నేనెట్ల తింట? తింటే నాకు దోషం కాదా?" బావగారిని అడిగితే, "నాకేమీ లేదు బావా, ఒట్టు. ఆయనే నన్ను చూసి పళ్లెం దాటిస్తున్నాడు. ఆయన తినని రొట్టె నేనెలా తినేది?" అన్నారు. ఒకరి మాట ఒకరికి మోశాను. ఇద్దరూ నవ్వి, పాస్టర్ల పనే సర్దిచెప్పడం గదా అన్నారు. లోకంలో మనుషులు పంతం కొద్దీ విడిపోతారు, మావాళ్లు భక్తి కొద్దీ విడిపోయారు. పెద్దలు తిననిది మనకెందుకని అటువాళ్లు అటూ ఇటువాళ్లు ఇటూ చేతులు ముడుచుకున్నారు. ఐక్యత మీద నేను చెప్పని ప్రసంగం లేదు, అందరూ బాగుందయ్యగారూ అనేవారు, రొట్టె మాత్రం వారం వారం ఎక్కువ మిగిలేది. ఆరాధన అయ్యాక మా ఆవిడా నేనూ ఎదురెదురుగా కూర్చుని దాన్ని తినేవాళ్లం. ఆవిడ ఏడుస్తూ నమిలేది.

రాష్ట్రం వచ్చిందని తెలిసిన వారం వీధులన్నీ టపాకాయలతో దద్దరిల్లాయి. శుక్రవారం ఉపవాస ప్రార్థనకు వచ్చిన మా అన్న నన్ను పక్కకు పిలిచి, "తెలంగాణ వచ్చె, ఇంక నాకేం గావాలె. ఈ ఐతారం రొట్టె మా ఇంట్ల చేపిస్త. పళ్లెం వట్టుకోని బావ దగ్గరికి నేనే పోత. ఆయన తిన్నంకనే నేను తింట. నువ్వు ముందుగాల చెప్పకు" అన్నాడు. ఆ రెండు రోజులూ నాకు నేల మీద కాలు నిలవలేదు.

ఆదివారం వదిన మందపాటి రొట్టె వచ్చింది. మొదటి చాప మీద బావగారి చోటు ఖాళీగా ఉంది. ఆయన వెనక కూర్చునే వరుసలన్నీ ఖాళీగా ఉన్నాయి. మా అన్న పళ్లెం పట్టుకుని ఆ ఖాళీ చాప ముందు నిలబడిపోయాడు. నేను పాట ఎత్తుకున్నాను గానీ ఎవరూ అందుకోలేదు.

సాయంత్రం బావగారింటికి వెళ్లాను. అల్మాస్‌గూడలో ఒకరి ఇంటి మేడమీద వేరే కూడిక మొదలుపెట్టారట. "నేను ఎదురుగా ఉన్నన్నాళ్లూ ఆయన రొట్టె ముట్టడం లేదు బావా. నేను తప్పుకుంటేనైనా తింటాడని..." అన్నారు. పొద్దున్న పళ్లెం పట్టుకుని నిలబడ్డ మనిషి సంగతి చెప్పాను. ఆయన మోకాళ్ల మీద తల పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. కానీ తిరిగి రాలేకపోయారు. ఆయన వెంట వెళ్లినవాళ్లకు ఆయన కారణం తెలియదు. వాళ్లకు ఆ మేడ హాయిగా ఉంది. తన మాట నమ్మి వచ్చినవాళ్లను వదిలేసి రాగల మనిషి కాదాయన.

ఆ తరవాత పెళ్లిళ్లలో కలిసేవారు, బావా అంటే బావా అనుకుంటూ ఒకే బంతిలో భోంచేసేవారు. బల్ల దగ్గర మాత్రం మా అన్న, బావ వచ్చినంక తింట అనేవాడు. అలా అంటూనే వెళ్లిపోయాడు. గుండె ఆగిన రోజు కూడా ఆదివారం ఎవరింటి రొట్టె అని వదినను అడిగాడట.

భూస్థాపన అయిన మరుసటి ఆదివారం బావగారు మా సంఘానికి వచ్చారు. తన చివరకు పోకుండా, మా అన్న కూర్చునే చివర కూర్చున్నారు. అంత దుఃఖంలోనూ వదిన రొట్టె చేసి పంపింది. పళ్లెం వచ్చినప్పుడు ఆయన రెండు ముక్కలు తుంచుకోవడం నేను చూశాను. ఒకటి తిన్నారు. అందరూ వెళ్లిపోయాక నా దగ్గరికి వచ్చి, చెమటకు తడిసిన అరచేయి విప్పి, రెండో ముక్క పళ్లెంలో పెట్టారు. "ఇది ఆయనది" అన్నారు. ఆ రోజు మా ఆవిడ దాన్ని రెండుగా తుంచి ఒకటి నాకిచ్చింది.

ఇప్పుడు మా ఆవిడా లేదు, ఆ సంఘమూ నా చేతిలో లేదు. నా ఈడువాళ్లకు తెలుసు, ఒకప్పుడు మనం తినకపోతే పదిమందికీ తెలిసేది, ఎందుకు తినలేదని ఒకడు ఇంటికొచ్చి అడిగేవాడు. ఆ అడగడంలో ఎన్ని గొడవలు ఉన్నా, మనం తినలేదన్న బెంగ ఒకడికి ఉండేది. మొన్నటి హాల్లో ఏమీ మిగలలేదు. మిగలడానికి అక్కడ పళ్లెమే లేదు. అమ్మాయి కళ్లు తెరిచి నా కప్పు రేకు తీసి పెట్టాక ఆ బిళ్ల నోట్లో వేసుకున్నాను. వేసుకుని, పాత అలవాటు కదా, పళ్లెం అందించబోయినట్టు నా చేయి పక్కవాడి వైపు చాచాను. ఆయన నాతో చేయి కలిపి, వందనాలండీ అన్నాడు. ఆయన తిన్నాడో లేదో నేను చూడలేదు.