పచ్చడి జాడీకి తెలిసిపోయిన రహస్యం

చాప ఇంకాస్త ఇటు లాక్కుని దగ్గరగా కూర్చోండమ్మా, గట్టిగా చెప్పుకునే సంగతి కాదు. ఒక్క పచ్చడి జాడీతో మిలిటరీ మకాం ఎత్తించిన ఘనురాలిని నేనే. తలుచుకుంటే ఇప్పటికీ కొంగు మొహానికి అడ్డం పోతుంది.

మా ఆయన జవాను. ఫోన్లలో ఇంటర్నెట్ లేని రోజులవి. పాప పుట్టింది గానీ ఆయన ఇంకా దాని మొహం చూడలేదు. సెలవు దొరికిందని ఫోన్ చేశాడు.

"మమ్మల్ని వేరేచోటికి మార్చారే. ఎక్కడికో అడక్కు."

"ఏవయ్యా, కట్టుకున్నదానికి కూడా చెప్పవా?"

"చెప్పకూడదు. మెతుకు గడ్డకట్టే చలి, పక్కనే ఏరు. అంతే! ఎక్కడన్నా వాగావో, నా సెలవు పోతుంది."

"నా నోటి సంగతి నీకు తెలీదా?" అన్నాను. తెలుసు కాబట్టే అంత గట్టిగా చెప్పాడు పాపం.

చలి అనగానే పండుమిరప పచ్చడి పంపాలని నా ప్రాణం కొట్టుకుంది. ఎక్కడికని పంపను? పాపను చంకనేసుకుని మార్టూరులో ఖాసిం అన్న నెట్ సెంటరుకి పోయాను. మా చుట్టుపక్కల మిలిటరీవాళ్ల ఇళ్లవాళ్లకి కంప్యూటర్లో ఒక పేజీ ఉండేది. ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా చూడొచ్చు.

"అన్నా, చలి, పక్కన ఏరు. ఆ చోటేదో ఎవరికైనా తెలుసా అని కొట్టు."

"లోకమంతా చూస్తుందమ్మాయ్!"

"చూడనీ. పచ్చడికి దిష్టి తగులుద్దా?"

కల్లంలో తలా ఒక గంప పోస్తే మిరప రాశి లేచినట్టు లేచింది మా పేజీ. "మా ఆయన ఇనుప వంతెన అన్నాడు" అని కనిగిరి వదిన రాయించింది. "మావాడు యాపిల్ తోటలన్నాడు" అని ఇంకొకామె. చివరికి గుంటూరు నుంచి మిరప టిక్కీలు, అదే బస్తాలు, తోలే లారీ డ్రైవరు ఒకడు ఊరి పేరుతో సహా రాసేశాడు: "ఆ వంతెన నాకు తెలుసక్కా. జాడీ ఇవ్వు, గేటు కాడ దించుతా."

గోడలకు చెవులుంటాయంటారు. మేమందరం కలిసి గోడే పడగొట్టాం!

మళ్లీ ఫోను మోగింది.

"పచ్చడి అందింది," అన్నాడు మా ఆయన. గొంతు పచ్చడికన్నా ఘాటుగా ఉంది.

"ఉప్పు సరిపోయిందా?"

"ఉప్పా! మా పెద్దాఫీసరు జాడీ బల్ల మీద పెట్టి, డ్రైవరు చెప్పిన మీ పేజీ అంతా చదివించి, నన్ను నిలబెట్టాడే. 'ఈ చోటు శత్రువుకే తెలియదు, మీ ఇంటి పచ్చడికి ఎలా తెలిసిందయ్యా?' అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను? సెలవు పోయింది. మకాం మళ్లీ మారుస్తున్నారు. ఈసారి ఎక్కడికో నాకే చెప్పలేదు!"

చలికాలంలో రావలసిన మనిషి కల్లాల్లో మిరపకాయలు ఎండే వేళకి వచ్చాడు. అప్పటికి పాప నడుస్తోంది. కొత్త మనిషిని చూసి నా కుచ్చెళ్ల వెనక దాక్కుని ఏడ్చింది. ఆయన చాపిన చేతులు అలాగే ఉండిపోయాయి. మీరు నవ్వండి గానీ, ఇక్కడికి వచ్చేసరికి నాకు నవ్వు రాదు.

ఆ రోజే ఖాళీ జాడీ మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నాను. ఆయన మా పెరట్లోనే స్నానం చేస్తున్నా సరే, "మీ ఆయనెక్కడ?" అని ఎవరడిగినా "తెలీదండీ" అనే అంటాను.

మీ గడప దాటి వెళ్లినవాళ్లు చెప్పిన వేళకే తిరిగి రావాలి తల్లీ. మీ పిల్లలు వాళ్లను గుర్తుపట్టి పరుగున ఎదురెళ్లాలి.