థర్మాకోల్ యంత్రం

ఫిల్మ్ నగర్ కొండవాలులో కొత్తగా వెలిసిన ఇంజనీరింగ్ కాలేజీలో త్రినాథరావు టెంపరరీ లెక్చరరు. కాలేజీ యజమాని వీరరాఘవయ్య సినిమా నిర్మాత. వరసగా సినిమాలు తన్నేస్తే, సెట్లు వేసే షెడ్డుకే కాలేజీ బోర్డు తగిలించాడు.

పవర్ ఎలక్ట్రానిక్స్ ప్రయోగాలకు కరెంటును అదుపుచేసే థైరిస్టర్లు కొనమని అడిగి అడిగి విసిగిపోయి, ఉన్న ఒక్క కంప్యూటరు మీద త్రినాథరావే ప్రోగ్రాం రాసుకున్నాడు. మీట నొక్కితే కరెంటు అల తెర మీద కదిలేది. మోటారు తగిలించినప్పుడు వోల్టేజి సున్నా అయ్యాక కూడా కరెంటు ఎందుకు ఆగదో, బట్టీ పట్టిన కుర్రాళ్ళు కళ్ళారా చూసేవాళ్ళు. తప్పు చేస్తే థైరిస్టర్ కాలేది, తెర మీదే. మళ్ళీ చేసేవాళ్ళు.

1994లో యూనివర్సిటీ తనిఖీ వచ్చిపడింది. ల్యాబు గట్టెక్కితే త్రినాథరావు పర్మనెంటు. లేకపోతే ఇంటికే.

"గది బోసిగా ఉందయ్యా, మా ఆర్ట్ డైరెక్టర్ని పంపిస్తా" అన్నాడు వీరరాఘవయ్య.

మర్నాటికి థర్మాకోల్‌తో నిలువెత్తు యంత్రం లేచింది. వెండి రంగు, గీసిన మీటర్లు, మినుకుమనే ఎర్ర బల్బులు.

"ఇదేం చేస్తుందండీ?"

"నిలబడుతుంది" అన్నాడు వీరరాఘవయ్య. "నువ్వూ నోరు మూసుకుని దాని పక్కన నిలబడు."

తనిఖీకొచ్చిన ప్రొఫెసర్ అచ్యుతరామయ్య ప్రోగ్రాం చూస్తూ ఆవలించాడు. "ఇవన్నీ బొమ్మలు నాయనా. సినిమావాళ్ళ కాలేజీ అనిపించావు." యంత్రం కంటపడగానే ఆయన మొహం విప్పారింది. "అబ్బో! దీని కెపాసిటీ ఎంత?"

త్రినాథరావు నాలుక చివరిదాకా నిజం వచ్చింది. వీరరాఘవయ్య దగ్గాడు.

"ఐదు కిలోవాట్లండీ" అన్నాడు త్రినాథరావు.

"అదీ ల్యాబంటే!" అంటూ ప్రొఫెసర్ చెయ్యి చాపాడు.

"షాక్ కొడుతుందండీ, భోజనానికి పదండి" అని వీరరాఘవయ్య ఆ చెయ్యి పట్టుకుని నడిపించుకుపోయాడు.

ఉద్యోగం పర్మనెంటయింది. బొమ్మలు అనవసరమని ప్రొఫెసర్ రాసిపోయాడు కనక, కంప్యూటరు యజమాని ఆఫీసుకు వెళ్ళి కొత్త సినిమాలకు ముహూర్తాలు చూడసాగింది. కుర్రాళ్ళు మళ్ళీ బట్టీలో పడ్డారు.

ఆ ఏడు వానలకు షెడ్డు కారింది. పాఠం సగంలో ఆపి, త్రినాథరావు తన గొడుగు విప్పి యంత్రానికి పట్టాడు. తడిస్తే రంగు పోతుంది. రంగు పోతే వచ్చే తనిఖీలో ల్యాబు పోతుంది, ల్యాబుతో పాటు తనూ.

"షాక్ కొడుతుంది సార్, జాగ్రత్త!" వెనక బెంచీ అరిచింది.

ఆయన తడుస్తూ నిలబడ్డాడు. యంత్రం పొడిగానే ఉంది.