ఊ కొట్టిన అవ్వ

యాభైల మొదట్లో, ఉదయగిరి నుంచి నెల్లూరు వెళ్తున్న మా బస్సు ఆత్మకూరులో పంచరైంది. మర్నాడు మద్రాసులో ఒక సినిమా వాద్యబృందం పెద్దకు నేను గిటార్ వినిపించాలి. అప్పట్లో అందరి నోటా నానుతున్న ఒక విరహగీతాన్ని, పాడేవాళ్లెవరూ లేకుండా, గిటార్ ఒక్కదాని మీదే వాయించాలని నా పట్టుదల. "మాటలు లేకపోతే ఎవరికి అర్థమవుతుందోయ్?" అని స్నేహితులు నవ్వారు. నాకూ లోపల ఆ భయం ఉంది.

టీ అంగడి బల్ల మీద కూర్చుని సాధన మొదలుపెట్టాను. పక్కనే ఎండుచేపల గంపతో కూర్చున్న ఒక అవ్వ, నేను ఒక్కో వరస ముగించినప్పుడల్లా "ఊ" అంటోంది. చిరాకు పుట్టి ఆపేశాను.

"ఎందుకవ్వా, ఊరికే ఊ అంటావు?"

"కత చెప్తా ఉంటే ఊ కొట్టకుంటే ఎట్టా నాయనా? మజ్జిలో ఆపినావేంది? పోయినోడు మళ్ళీ వచ్చినాడా, లేదా?"

నేను ఆమె వైపు తిరిగాను.

"ఈ పాట ఇంతకుముందు విన్నావా అవ్వా?"

"నేను యాడ వింటా? నువ్వే గదా చెప్తా ఉండావు!"

అసలు పాటలో వెళ్లినవాడు తిరిగి రాడు. ఆ సంగతి ఆమెకు చెప్పబుద్ధి కాలేదు. చివర పల్లవిని మళ్లీ ఎత్తుకుని, కాస్త నడక పెంచి, హుషారుగా వాయించాను. అవ్వ ఊ కొడుతూ కొడుతూ ఒక్కసారి నవ్వింది.

"ఆ... వచ్చినాడు."

మర్నాడు మద్రాసులో కూడా, వాణ్ణి ఇంటికి చేర్చిన తర్వాతే గిటార్ కింద పెట్టాను.