నల్ల ముఖమల్ మీద బావ పత్తి

ఆదోని పత్తి మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను, ఇక్కడ చెప్పబోయేదాంట్లో ప్రతి ముక్కా నిజం. పత్తి మీదే ఎందుకంటే అది తెల్లనిది, అబద్ధమాడిన చెయ్యి తగిలితే మరక ఇట్టే కనబడిపోతుంది.

మొన్న ఆదివారం మా అమ్మాయి ల్యాప్‌టాప్ ముందు గడ్డానికి చెయ్యి ఆనించుకుని కూర్చుంది. డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదువుతోంది. ప్రాజెక్టు కోసం పెద్దకడుబూరు దగ్గర మా అక్కావాళ్ళ ఇంటి నుంచి గుప్పెడు పత్తి తెచ్చి, దూదిపోగుల పొడవులు ఓపిగ్గా కొలిచి, పైథాన్ అనే కంప్యూటర్ భాష చేత బొమ్మ గీయించింది. అది పోగులను పొట్టి నుంచి పొడుగు దాకా వరస పెట్టి, మనం చెప్పిన రూపంలోనే అవి పరుచుకుని ఉంటే ఏ పోగు పొడవు ఎంతుండాలో ఆ లెక్కతో పోలుస్తుందట. రూపం కుదిరితే చుక్కలన్నీ ఒకే గీత మీద బుద్ధిగా నిలబడతాయి. అమ్మాయి అందులో సిద్ధంగా ఉన్న, నడుమ ఎత్తుగా అంచుల్లో పల్చగా ఉండే గంట ఆకారాన్ని ఇస్తే, చుక్కలు సగం దాకా ఒక దారిన వచ్చి, నడుమ మెట్టెక్కినట్టు ఎగిరాయి. కొలవడంలో తప్పు పోయినానేమో, పొట్టివన్నీ తీసేస్తే సరిపోతుందేమో అని గొణుక్కుంటోంది.

ఆ మెట్టును నేను ఎరుగుదును. ల్యాప్‌టాప్‌లో కాదు, నల్ల ముఖమల్ గుడ్డ మీద.

నా మొదటి ఉద్యోగం ఆదోనిలో పత్తి నుంచి గింజ తీసే ఒక జిన్నింగు మిల్లులో. రైతు తెచ్చిన పత్తిలోంచి చిటికెడు దూది లాగి, పోగులను పొడుగు నుంచి పొట్టి దాకా ముఖమల్ మీద పక్కపక్కన పరచడమే పని. మంచి పత్తి అయితే కొండ దిగినట్టు నున్నటి వాలు వస్తుంది. పోగులు ఎగిరిపోతాయని ఎండాకాలంలోనూ ఫ్యాను వేయనిచ్చేవారు కాదు, తుమ్మడానికి అసలే వీల్లేదు. నా పక్కనతను ఒకసారి పొద్దున వచ్చిన తుమ్మును భోజనాల వేళ దాకా దాచిపెట్టుకుని, బయటికి పోయి తుమ్మితే గేటు దగ్గర బండి ఎద్దులు బెదిరాయి.

ఒక ఏడు మా బావ పత్తి బండి తోలుకుని వచ్చాడు, వెంట అక్క కూడా ఉంది. బావమరిది మిల్లులో ఉన్నాడని ధీమాగా వచ్చినవాడు. తీరా నేను పరిస్తే వాలు రాలేదు, నట్టనడుమ మెట్టు విరిగింది. మా మేనేజరు ముఖమల్ చూశాడు, బావను చూశాడు. ఎవరిదో నాసి పత్తి కొని కలిపినాడని తేల్చేశాడు. కలిపేవాడని ఒక్క మిల్లులో పేరు పడితే చాలు, ఆదోనిలో అతని బండి ఏ గేటులోకీ పోదు. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు.

"రెండు పత్తులు కలిపిన సరుకప్పా ఇది. వాపస్ తోలుకపో," అన్నాడు మేనేజరు.

బావ భుజం మీది తువ్వాలు తీసి దులిపి, నిదానంగా అన్నాడు: "నా సేను ఒకటే సార్. ఒక ఇంట్లో పెద్దోడు పొడుగు, సిన్నోడు పొట్టి ఉంటే, ఇద్దరు తండ్రులంటావా?"

గదిలో నవ్వాపుకోవడానికి అందరూ ముఖమల్ వైపు తలలు వంచారు. అప్పుడు అక్క నన్ను పక్కకు పిలిచి అసలు సంగతి చెప్పింది. ఆ ఏడు ముందు వానలు బాగా పడి, తర్వాత మొహం చాటేశాయి. మొదటి విడత తీసిన పత్తి నిండుగా వచ్చింది, కడ విడతది ఎండి గిడసబారింది. ఉన్నది ఒకటే కొట్టం కాబట్టి రెండూ ఒకే కుప్పగా పోశారు. అక్క గుప్పిట పట్టి చూసి ఏది ఏ విడతదో వేరు చేసి ఇచ్చింది, నేను విడివిడిగా పరిచాను. రెండు వాలులు వచ్చాయి, రెండూ నున్నగానే. మేనేజరు పొరపాటయిందని అనలేదు. బావకు ఒక టీ తెప్పించాడు, రెంటికీ వేర్వేరుగా ధర కట్టించాడు.

ఇదంతా విని అమ్మాయి మా అక్కకు ఫోను చేసింది. పెట్టేసి, "మామ మళ్ళా రెండు విడతలూ కలిపినాడు నాన్నా," అంది. ఇక పొట్టి పోగుల జోలికి పోలేదు. విడతకొకటిగా రెండు గంట ఆకారాలను తగిన పాళ్ళలో జతచేసి తనదైన రూపం తయారుచేసింది. ఎలా ఒప్పుకుంటుందే అది అని అడిగితే, ఇన్ని వంతుల పోగులు ఏ పొడవు లోపల ఉంటాయని పైథాన్ అడిగినప్పుడు జవాబు చెప్పగలిగితే చాలు, మన సొంత రూపమైనా కాదనదట. నేను ముఖమల్‌ను అడిగిన ప్రశ్న కూడా అదే కదా అనుకుంటూ చూస్తే, చుక్కలు ఒక్కొక్కటే వచ్చి గీత మీద సర్దుకున్నాయి.

ఇప్పుడు మిల్లుల్లో పొడవును యంత్రం చెప్పేస్తోంది. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తుమ్ములకు అడ్డు లేదు. నా వేళ్ళు మాత్రం బస్సులో కూర్చున్నా చొక్కా అంచున లేని పోగులను వరస పెడుతూనే ఉంటాయి.

ఇంతకీ మొదట పత్తి మీద ఒట్టు వేశాను గనక, మరక నేనే చూపించేస్తాను. ఎద్దులు బెదిరిన మాట కొంచెం సాగదీసిందే. ఆ ఇద్దరు తండ్రుల మాట మాత్రం పూర్తిగా నాది. ఆరోజు బావ నోరు విప్పలేదు, తువ్వాలు నలుపుకుంటూ ముఖమల్ వైపే చూస్తూ నిలబడ్డాడు. ఆ మౌనం నేను చూడలేకపోయాను, అందుకే చెప్పినప్పుడల్లా ఆయన నోట ఒక మాట పెడుతూ వచ్చాను. పోయిన నెల పెద్దకడుబూరు పోతే, బావ నలుగురిని కూర్చోబెట్టుకుని, మేనేజరుతో తాను ఆ మాట ఎట్లా అన్నాడో తువ్వాలు దులిపి మరీ చెబుతున్నాడు. పక్కన కూర్చుని నేనూ తలాడించాను.